ఓడవారి మాటలు



నేను బాలుడనై యుండగా, ఒకనాడు పొలమున నాగలి విడుచు వేళ మా తాతగారు "దాపటెద్దు పలుపు విప్పుము" అనిరి. నేను ఎద్దుల కెదురుగా నిలిచి యుంటిని. నా యెడమచేతి వైపుననున్న యెద్దు కడకు పోయితిని. ఆయన నవ్వి, "నీవు తిరిగితివని ఎద్దు తిరుగునా? ఎద్దులు చూచు దిక్కునకు ఎడమది దాపట, కుడిది వలపట. నీవెక్కడ నిలిచినను అంతియే" అనిరి. ఓడ నడుపువారి భాషలోని మర్మము నాకు తరువాత బోధపడినది ఈ మాట వలననే.

ఓడపై నొకడు ముందునకు చూచుచుండును; వేరొకడు వెనుకకు తిరిగి త్రాళ్లు లాగుచుండును. ఒకని కుడి వేరొకని కెడమ. గాలివానలో "కుడికి" అని కేకవేసినచో, ఎవని కుడి? ఆ సందేహము తీరులోపల ఓడ రాతికి తగులవచ్చును. కావున ఆంగ్లనావికులు, ఓడ పోవు దిక్కునకు కుడియైన ప్రక్కకు స్టార్‌బోర్డు అని పేరిడిరి. పూర్వము వారి ఓడలకు వెనుక నడుమ చుక్కాని లేదు. కుడిప్రక్కను కట్టిన పెద్దతెడ్డుతో ఓడను త్రిప్పెడివారు. త్రిప్పుప్రక్క యనియే ఆ మాటకు అర్థము. ఆ తెడ్డు నలుగకుండుటకై రేవున ఎడమప్రక్కను గట్టునకు చేర్చెడివారు.

ఆ యెడమప్రక్కకు చిరకాలము లార్‌బోర్డు అను పేరుండెను. స్టార్‌బోర్డు, లార్‌బోర్డు — హోరుగాలిలో ఈ రెండును ఒక్కతీరుగనే వినబడును గదా! అందుచే 1844లో బ్రిటిషు నౌకాదళాధికారులు లార్‌బోర్డు అనుట మాని, పోర్టు, అనగా రేవుప్రక్క, అనవలెనని ఆజ్ఞాపించిరి. 1846లో అమెరికా నౌకాదళమువారును అట్లే చేసిరి.

రాత్రివేళ ఈ మాటలనే దీపములు పలుకును. స్టార్‌బోర్డు ప్రక్కను ఆకుపచ్చదీపము, పోర్టు ప్రక్కను ఎఱ్ఱదీపము వెలుగును. యంత్రముతో నడచు రెండు ఓడలు ఒకదాని దారికి ఒకటి అడ్డముగా వచ్చునప్పుడు, తన కుడివైపున వేరొక ఓడ గలవాడు తొలగవలెనని 1972 నాటి అంతర్జాతీయ నియమము. వానికి అవతలి ఓడ ఎఱ్ఱదీపమే కనబడును; అవతలివానికి ఇతని పచ్చదీపము కనబడును. ఒక్క మాటయు లేకయే ఇద్దరును ధర్మము తెలిసికొందురు.

ఇక కొలతలు. నీటిలోతును నావికులు ఫాథములతో కొలుతురు. ఫాథమనగా చాచిన రెండు చేతుల నిడివి. అనగా మన బారయే! మీరు నూతిత్రాటిని కొలుచు రీతినే, వారును సీసపుగుండు కట్టిన త్రాటిని సముద్రమున విడిచి కొలిచెడివారు. మనుష్యుల చేతులు సమానముగా నుండవు గనుక, ఫాథమునకు 6 అడుగులని కట్టడి చేసిరి.

వేగమును నాట్లతో చెప్పుదురు. నాట్ అనగా ముడి. చెక్కపలకకు త్రాడు కట్టి, 47 అడుగుల 3 అంగుళముల కొక ముడి చొప్పున వేసి, ఆ పలకను ఓడ వెనుక నీట విడిచెడివారు. 28 సెకండ్ల ఇసుక గడియారము జారులోపల చేతినుండి ఎన్ని ముడులు పోవునో, ఓడ గంటకు అన్ని సముద్రపు మైళ్లు పోవుచున్నట్లు లెక్క. సముద్రపు మైలు 1852 మీటర్లని 1929లో నిర్ణయమయ్యెను. ముడుల త్రాడు పోయినను ఆ పేరు నిలిచినది. నేఁడు మన వాతావరణశాఖవారు గాలి 34 నాట్లకు, అనగా గంటకు సుమారు 62 కిలోమీటర్లకు, చేరినప్పుడే వాయుగుండమునకు తుఫాను అని పేరిడుదురు.

చూచితిరా! చెప్పువాని మనసులోని యర్థమే వినువానికిని తోచవలె నన్నదే ఈ మాటలన్నిటి ప్రయోజనము. అది తప్పినచోట ప్రాణములు పోయెను; అందుచేతనే మాటలను మార్చిరి, కొలతలను బిగించిరి. మీ దాపట, వలపట, మూర, బార అట్టి మాటలే. అరకలు తగ్గుచున్న ఈ దినములలో ఆ మాటలను, వాని వెనుకనున్న తెలివిని, మనుమలకు చెప్పుడు. మా తాతగారు నాకు చెప్పకున్నచో, నేను మీకీ ప్రసంగము చేయగలిగి యుండను.