నాలుగు డేగల కథ

భూపాలపల్లి అడవులలో ఒక మృగజాతి క్షీణించినచో అది శాశ్వతముగా నశించినదని చెప్పుటకు వీలులేదు. గోదావరి, ప్రాణహిత నదుల కావల విశాలారణ్యములు గలవు. ఇటీవలి కాలమున పులులు సైతము ఆ నదులను దాటి ఇచటికి వచ్చినవి. కాని నడిసముద్రమున నున్న ద్వీపమునకు అట్టి భాగ్యము లేదు. అచటనే పుట్టి, మరెచ్చటను లేని జాతి ఒకమారు నశించినచో మరల రాదు.

హిందూ మహాసముద్రమునందలి మారిషసు అట్టి ద్వీపము. వైశాల్యమున అది ఇంచుమించు జనగామ జిల్లా యంత. పందొమ్మిదవ శతాబ్దమున కోరంగి రేవునుండి ఓడలెక్కి, చెరకుతోటలలో పనికై వెళ్లిన తెలుగువారి సంతతి నేటికిని అచట గలదు. ఉగాది అచట సెలవుదినము.

పూర్వము ఆ ద్వీపమున డోడో అను పెద్దపక్షి ఉండెను. శత్రుమృగములు లేని చోట పెరుగుటచే దానికి ఎగురు శక్తియు లేదు, భయమును లేదు. 1598లో డచ్చివారు అచట దిగిరి. మనుష్యుల వెంట ఓడలలో వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు దాని గ్రుడ్లను తినివేసెను. నూరేండ్లు నిండక మునుపే డోడో జాతి అంతరించెను.

డోడో వలెనే అచటి చిన్నడేగకును కాలము మూడినట్లు తోచెను. గుండ్రని పొట్టి రెక్కలతో చెట్ల నడుమ దూరి, కొమ్మలపై ప్రాకు బల్లులను వేటాడుట ఆ డేగ స్వభావము. చెరకు నాటుటకై అడవులను నరికిరి. దాని వేటభూమి తరిగెను. పిమ్మట మలేరియాను అరికట్టుటకై డి.డి.టి. మందు చల్లిరి. ఆ విషము పురుగులనుండి బల్లులకును, బల్లులనుండి డేగలకును చేరును. గ్రుడ్ల పెంకులను పలుచబరచును. 1974 నాటికి లోకమున మిగిలినవని తెలిసిన డేగలు నాలుగు మాత్రమే!

1979లో కార్ల్ జోన్సు అను వేల్సు దేశపు యువకుడు మారిషసు చేరెను. ఆయనకు అప్పటికి ఇంచుమించు ఇరువదియైదేండ్లు. ఆ డేగ బ్రదుకదని పలువురు నిశ్చయించియుండిరి. అచటి ప్రయత్నమును ముగించి రమ్మనియే ఆయనను పంపిరి. కాని బాల్యమునుండి పక్షులను పెంచి, వాటి నడవడి నెరిగిన జోన్సు అందుకు మనసొప్పలేదు.

మొదటి గ్రుడ్లు పోయినచో డేగ కొన్ని దినములలో మరల గ్రుడ్లు పెట్టును. ఈ ఒక్క ప్రకృతిధర్మమే ఆయనకు ఆధారమయ్యెను. కొండచరియ లెక్కి గూళ్లలోని గ్రుడ్లను తెచ్చి, వెచ్చని యంత్రములలో పొదిగించెను. చేయి వణకినచో పోవునది ఒక్క గ్రుడ్డు కాదు. ఒక జాతి యొక్క ఆశ. తల్లిపక్షులకు బలము చేకూరుటకై తెల్లయెలుకలను ఆహారముగా నొసగెను. పిల్లలను చేతులతో మేపి, పెరిగిన పిమ్మట అడవిలో విడిచెను. గూళ్లకై కొయ్యపెట్టెలను అమర్చి, ముంగిసలను పట్టించెను.

క్రమముగా డేగల సంఖ్య కొన్ని వందలకు చేరెను. ఇట్టి కృషి వలననే అచటి గులాబివన్నె పావురము, పచ్చని చిలుకయు బ్రదికినవి. 2016లో జోన్సునకు ఇండియానాపోలిసు బహుమానము లభించెను. మారిషసు రాజచిహ్నముపై డోడో బొమ్మ గలదు. 2022లో డేగ జాతీయపక్షి యయ్యెను. ఒకటి పోయినదానికి గురుతు, రెండవది నిలిచినదానికి గురుతు. అయినను డేగకు ఆపద పూర్తిగా తొలగలేదు. కాపలా నేటికిని సాగుచునే యున్నది.

శీతకాలమున మహబూబాబాదు పొలములపై ఒక చిన్నడేగ ఆకాశమున ఒకేచోట రెక్కలాడించుచు నిలిచి క్రిందికి చూచును. అది మారిషసు డేగకు దాయాది. ఎలుకలను, మిడుతలను తిని అది రైతునకు మేలు చేయును. దానిని చూచిన బాలుడు రాయి విసరక, కొంతసేపు నిలిచి దాని వేటను గమనించవలెను. జోన్సు విద్యయు అట్టి గమనికతోడనే ఆరంభమయ్యెను.