ఉగాండా ఇమాములు డాక్టర్ల ముందు కూర్చున్నారు

మొహల్లాలో ఎవరింట్లో మరణం సంభవించినా పిలవకుండానే వెళ్లి మయ్యత్‌కు గుస్ల్ ఇచ్చే పెద్దలు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. రాత్రనక, వాననక వెళతారు. పైసా ఆశించరు. మరి ఆ చేతులకు గ్లోవ్స్ ఉండాలనీ, వేలికి గాయం ఉంటే దాన్ని కప్పుకున్న తరవాతే పనిలో దిగాలనీ వారికి ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా? ఆఫ్రికాలోని ఉగాండాలో ముస్లిం డాక్టర్లు ముప్పై ఏళ్లకు ముందే ఈ విషయం పట్టించుకున్నారు. ఇమాములను పిలిచి శిక్షణ తరగతిలో కూర్చోబెట్టారు. ఆ తరగతిలో ఇమాములే కాదు, డాక్టర్లు కూడా కొన్ని సంగతులు నేర్చుకున్నారు.

ఎనభయ్యవ దశకంలో విక్టోరియా సరస్సు పక్కన ఉన్న రకాయ్ ప్రాంతంలో మనుషులు చూస్తూండగానే చిక్కి శల్యమై చనిపోయేవారు. జనం ఆ రోగానికి ‘స్లిమ్’ అని పేరు పెట్టుకున్నారు. ఎయిడ్స్ వైరస్‌తో దానికున్న సంబంధాన్ని 1985లో ‘లాన్సెట్’ వైద్య పత్రిక ప్రచురించింది. తొంభైల తొలినాళ్లకు ఆ దేశంలో వయోజనుల్లో సుమారు 15 శాతం మందికి హెచ్.ఐ.వి. ఉందని అంచనా. అంటే ఏడుగురిలో ఒకరు. ఈ వ్యాధి తాకని కుటుంబాన్ని వెతుక్కోవలసి వచ్చేది.

ఉగాండా జనాభాలో ముస్లిములు దాదాపు ఎనిమిదో వంతు. అక్కడి ముస్లిం వైద్య సిబ్బంది 1988లో ‘ఇస్లామిక్ మెడికల్ అసోసియేషన్ ఆఫ్ ఉగాండా’ అనే సంఘం పెట్టుకున్నారు. మకెరెరె విశ్వవిద్యాలయంలో వైద్యం బోధించే డాక్టర్ మాజిద్ కగిము దానికి సారథి. ఆస్పత్రికి వచ్చిన రోగికి డాక్టరు నాలుగు ముక్కలు చెప్పగలడు. కాని అప్పటికే ఆలస్యం అయిపోయి ఉంటుంది. రోగం రాకముందు చెప్పాలంటే పల్లెకు వెళ్లాలి, పల్లెలో వినే మాట చెప్పాలి. ముస్లిం పల్లెలో ప్రతి జుమా నాడు జనం కూర్చుని వినేది ఇమాం మాట. 1989లో సంఘం దేశ ముఫ్తీతో, ఇతర మతపెద్దలతో సమావేశమై వ్యాధి సంగతులన్నీ వారి ముందు పెట్టింది. ముఫ్తీ ఎయిడ్స్‌పై జిహాద్ ప్రకటించారు. ఆ మాటను కొందరు ఎలా వాడుతున్నారో మనకు తెలుసు. అక్కడ దాని అర్థం ఇంటింటికీ నడిచి వెళ్లి వ్యాధి గురించి చెప్పడం.

1992లో ఎంపిగి, ఇగాంగ జిల్లాల్లో పని మొదలైంది. ఇమాములకు, వారితోపాటు మస్జిదు పరిధిలోని స్వచ్ఛంద కార్యకర్తలకు శిక్షణ ఇచ్చారు. కార్యకర్తల్లో స్త్రీలూ ఉన్నారు. ఇది చాలా అవసరం. ఇలాంటి విషయం ఒక ఇల్లాలు ఇమాం సాహెబుతో మాట్లాడుతుందా? తోటి ఆడమనిషితో అయితే వంటింట్లో కూర్చుని మాట్లాడుతుంది.

ఇక పాఠాల సంగతి. వ్యభిచారం చేయకండి అని చెప్పడానికి ఇమాముకు డాక్టరు పాఠం అక్కర్లేదు. అది ఆయన ఎప్పటినుంచో చెబుతున్నదే. శిక్షణలో కొత్తగా వచ్చినవి మన ఇళ్లలో జరిగే పనులే. ఒకటి గుస్ల్. ఎయిడ్స్‌తో చనిపోయిన మనిషి దేహం మీద పుండ్లు ఉండవచ్చు, రక్తం, ఇతర స్రావాలు ఉండవచ్చు. కడిగేవారి చేతికి తెగిన గాయం ఉంటే ప్రమాదం. అలాగని గుస్ల్ మానాలా? అక్కర్లేదు. గ్లోవ్స్ వేసుకోవాలి, గాయాలు కప్పుకోవాలి, రక్తం పడినచోట బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లు పోసి కడగాలి. ఈ జాగ్రత్తలు ఫలానా రోగం అని తెలిసిన మయ్యత్‌కే కాదు, ప్రతి మయ్యత్‌కూ తీసుకోవాలి. అప్పుడు ఎవరి రోగం ఏమిటని ఆరా తీసే పని ఉండదు, ఆ కుటుంబం పరువూ పోదు.

రెండోది ఖత్నా. ఒకేచోట వరుసగా పిల్లలకు చేసేటప్పుడు ఒకే బ్లేడు వాడితే ఒక పిల్లవాడి రక్తం మరొకడికి అంటుతుంది. పిల్లవాడికొక కొత్త బ్లేడు వాడాలి, లేదా పరికరాలను ప్రతిసారీ శుద్ధి చేయాలి. అంతే పాఠం. ఖత్నా గురించి విజ్ఞానం తరవాత మరో సంగతి కూడా తేల్చింది. దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాలలో జరిగిన పరిశోధనలను బట్టి, ఖత్నా అయిన పురుషుడికి స్త్రీ నుంచి హెచ్.ఐ.వి. సోకే అవకాశం సుమారు 60 శాతం తగ్గుతుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఇది విని మనవాళ్లు కొందరు ఛాతీ విరుచుకున్నారు. అరవై అంటే నూరు కాదు. పైగా ఆ రక్షణ పురుషుడికే. భర్తకు వ్యాధి ఉంటే భార్యకు ఖత్నా కవచం కాదు.

అసలు తగవు నిరోధ్ దగ్గర వచ్చింది. డాక్టర్లు ఆ మాట ఎత్తగానే ఇమాములు ఒప్పుకోలేదు. అది పాపానికి తలుపు తీయడమేనన్నారు. ఇక్కడ డాక్టర్లు చేసిన పని నాకు నచ్చింది. వాదించి గెలవాలని చూడలేదు, అలిగి లేచి వెళ్లలేదు. నిరోధ్ పాఠాన్ని పక్కన పెట్టి మిగతా శిక్షణ మొదలుపెట్టారు. చర్చ మాత్రం ఆపలేదు. భర్తకు వ్యాధి ఉంది, భార్యకు లేదు. ఆమె ఏం చేయాలి? తలాక్ తీసుకోవాలా, తెలిసి తెలిసి వ్యాధి తెచ్చుకోవాలా? ఇలాంటి ప్రశ్న ఎదురైతే ఖుత్బా ఒక్కటే సరిపోదు. కొంతకాలానికి మతపెద్దలు అంగీకరించారు. నిగ్రహం, దంపతుల మధ్య నమ్మకం ముందు, నిరోధ్ చివరి రక్షణ. ఈ క్రమంలో ఆ పాఠం కూడా శిక్షణలో చేరింది.

ఫలితం ఏమైంది? రెండేళ్ల తరవాత చేసిన పరిశీలన 1998లో అచ్చయింది. వ్యాధి ఎలా సోకుతుందో, ఎలా సోకదో సరిగ్గా చెప్పగలిగినవారు పెరిగారు. గుస్ల్‌లో, శుద్ధి లేని ఖత్నాలో ఉన్న ప్రమాదం జనానికి తెలిసింది. 45 ఏళ్లలోపు వారిలో ఒకరికి మించిన సంబంధాలు తగ్గినట్టు వారే చెప్పారు. పట్టణ ప్రాంత పురుషుల్లో నిరోధ్ వాడకం పెరిగింది. ఇవి జనం నోటితో చెప్పిన లెక్కలు, రక్తపరీక్షలు కావు. ఆ సంగతి గుర్తుంచుకునే చదవాలి. అదే ఏడాది ఐక్యరాజ్య సమితి ఎయిడ్స్ విభాగం ఈ ఇమాముల కృషిని ఆదర్శ కార్యక్రమాల వరుసలో చేర్చి పుస్తకంగా వేసింది.

ఇమాములకు శిక్షణ సరే, మరి మందు ఇచ్చేవారికి? సరస్సుకు దక్షిణాన టాంజానియాలోని మ్వాంజా ప్రాంతంలో ఈ పరీక్ష జరిగింది. సుఖవ్యాధుల పుండు ఉన్నచోట హెచ్.ఐ.వి. సులువుగా దూరుతుంది. అందుకని ఆరు పల్లె ప్రాంతాల్లోని ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి సుఖవ్యాధులను లక్షణాలను బట్టి గుర్తించి చికిత్స చేయడం నేర్పారు. మందులు కొరత లేకుండా అందించారు, పైనుంచి వచ్చి పని చూసేవారు. మరో ఆరు ప్రాంతాలను పోలిక కోసం మునుపటిలాగే ఉంచారు. రెండేళ్లలో శిక్షణ జరిగిన చోట కొత్తగా హెచ్.ఐ.వి. సోకినవారు 1.2 శాతం, జరగని చోట 1.9 శాతం. దాదాపు 40 శాతం తేడా! ఈ ఫలితం 1995లో వెలువడింది. తరవాత ఉగాండాలోని రకాయ్‌లో ఇంటింటికీ వెళ్లి అందరికీ మందులు ఇచ్చి చూశారు. హెచ్.ఐ.వి.లో తేడా రాలేదని 1999లో తేలింది. అప్పటికే అక్కడ వ్యాధి బాగా పాకిపోవడం ఒక కారణమంటారు నిపుణులు. కావచ్చు. అయినా మందు బిళ్ల పంచడం వేరు, కష్టం వచ్చిన రోజున చీదరించుకోకుండా మాట విని, భార్యాభర్తలిద్దరికీ వైద్యం చేసే మనిషి ఊళ్లో ఉండటం వేరు అని నాకనిపిస్తుంది.

ఉగాండా కథ మనకెందుకు అనుకోవద్దు. 2021 అంచనాల్లో వయోజనుల్లో హెచ్.ఐ.వి. దేశం మొత్తం మీద 0.21 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. సరైన మందు రోజూ వేసుకుని రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి తగ్గినవారి నుంచి దాంపత్యంలో వ్యాధి సోకదని ఇప్పుడు రుజువైంది. తల్లి మందు వాడితే బిడ్డను కాపాడుకోవచ్చు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఈ మందులు 2004 నుంచి ఉచితంగా ఇస్తున్నారు. రోగి అనుమతి లేకుండా ఈ సంగతి బయటపెట్టడం, వివక్ష చూపడం కూడదని 2017లో చేసిన చట్టం చెబుతోంది. అది 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉంది. మందు ఉంది, చట్టం ఉంది. అయినా ఈ మాట వినగానే పళ్లెం, గ్లాసు వేరుచేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

మస్జిదు కమిటీ పెద్దలు ఈ శుక్రవారం నమాజు తరవాత ఒక చిన్న పని చేయవచ్చు. గుస్ల్ తఖ్తా ఉంచే గదిలోకి వెళ్లి చూడండి. అక్కడ గ్లోవ్స్ పెట్టె ఉందా? బ్లీచింగ్ పౌడర్ ఉందా? లేకపోతే తెప్పించండి. గుస్ల్ ఇచ్చే మగవారిని, ఆడవారిని ఒకరోజు కూర్చోబెట్టి, దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రి నుంచి నర్సునో కౌన్సెలర్‌నో పిలిపించండి. ఖత్నా చేసే హజ్జాం మీ ఊళ్లో ఉంటే ఆయన్నూ రమ్మనండి. ఇంట్లో ఎవరికైనా అనుమానం ఉంటే పెద్ద ఆస్పత్రుల్లోని ఐ.సి.టి.సి. కేంద్రాల్లో పరీక్ష ఉచితం, పేరు బయటికి రాదు. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే 1097కు ఫోన్ చేయవచ్చు. డబ్బులు పడవు.