అద్దకపు నీటికి ఎంత ఆమ్లం?

పుదుచ్చేరి నీలిబట్టకు ఒకప్పుడు సెనెగల్ దాకా గిరాకీ. అక్కడి ముత్తియాల్‌పేట నేతవారి పేట. నూలు అద్దకంలో వాడే కాస్టిక్ సోడా వల్ల, మిగిలే నీరు ఘాటైన క్షారంగా ఉంటుంది. కాలువలోకి వదిలే ముందు దాన్ని తటస్థీకరించాలి. సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడితే ఎంత కావాలి?

సోడా ఒక్కోదానిలో హైడ్రాక్సైడ్ ఒకటే. ఆమ్ల అణువులో మాత్రం వదిలే హైడ్రోజన్లు రెండు. అందుకే తుల్య సమీకరణం ఇలా ఉంటుంది:

2 సోడియం హైడ్రాక్సైడ్ + సల్ఫ్యూరిక్ ఆమ్లం → సోడియం సల్ఫేట్ + 2 నీరు

అంటే 80 గ్రాముల సోడాకు 98 గ్రాముల ఆమ్లం. ఎడమవైపు 2 మరిచి ఒకటికొకటి లెక్కేస్తే 196 గ్రాములు పోస్తాం. సగం ఆమ్లం మిగిలిపోతుంది; క్షారపు నీరు కాస్తా ఆమ్లపు నీరవుతుంది!

లెక్క సరిపోయినా, 142 గ్రాముల సోడియం సల్ఫేట్ లవణం ఆ నీటిలోనే కరిగి ఉంటుంది. దాన్ని తొలగించడం వేరే పని.