వీఫోర్క్ వివరణములో నొక దిద్దుబాటు

కంప్యూటర్ విద్య నభ్యసించు మన పిల్లలలో పెక్కురు పెద్ద పట్టణములకు దూరముగా నున్నవారు. ఆలూరువంటి తావున స్వయముగా నేర్చుకొనువానికి లినక్స్‌తో లభించు మాన్యువలే తరచుగా గురువగును. గురువు మాట సరిగా లేకున్న శిష్యుని పని చెడును. అట్టి మాట నొకదానిని గూర్చి యిచట వివరింప దలచితిమి.

నడచుచున్న ప్రోగ్రామునకు ప్రాసెస్ అని పేరు. ఒక ప్రాసెస్ మఱియొక ప్రాసెస్‌ను పుట్టింపవలెనన్న కెర్నెల్‌ను కోరవలెను; ఈ కోరికయే సిస్టమ్ కాల్. 1971లో వెలువడిన యూనిక్స్ మొదటి మాన్యువలునందే ఫోర్క్ అను కాల్ కలదు. అది తల్లి ప్రాసెస్ మెమరీకి నకలు తీసి బిడ్డ ప్రాసెస్‌కు నిచ్చును. అయితే బిడ్డ వెంటనే ఎగ్జెక్ అను కాల్‌చే వేఱొక ప్రోగ్రామును చేపట్టినచో ఆ నకలు వ్యర్థము. కావున 1979 నాటి మూడవ బీఎస్‌డీ యూనిక్స్‌లో వీఫోర్క్‌ను చేర్చిరి. దీనియందు నకలు లేదు. తల్లియు బిడ్డయు నొకే మెమరీని వాడుదురు. బిడ్డ ఎగ్జెక్ చేయువఱకు, లేదా ముగియువఱకు తల్లి ఆగియుండును.

లినక్స్ మాన్యువలు పూర్వప్రతులలో తల్లి ఆగునని మాత్రమే యుండెను. చదువరి దీనిని నమ్మి, ఆ కాలమున మెమరీని బిడ్డ తప్ప నెవ్వరును ముట్టరని తలచును. అది సత్యము కాదు. ఒక ప్రాసెస్‌లో థ్రెడ్లు అను పెక్కు పనిధారలు ఏకకాలమున నడవవచ్చును. లినక్స్‌నందు వీఫోర్క్‌ను పిలిచిన థ్రెడ్ మాత్రమే యాగును. తక్కినవి నడచుచునే యుండును. తరువాతి ప్రతులలో, పిలిచిన థ్రెడ్ ఆగునని దిద్దిరి.

ఒక యింట నలుగురన్నదమ్ములకు నొకే పలక కలదనుకొందము. ఒకడు దానిని చెల్లెలికిచ్చి, ఆమెకు సొంత పలక వచ్చువఱకు బలపము ముట్టక కూర్చుండెను. కాని మిగిలిన మువ్వురి చేతులను ఎవరును పట్టలేదు. వారామె వ్రాసినదానిని తుడువవచ్చును, దానిపైననే వ్రాయవచ్చును.

ఇందలి ముప్పు చిన్నది కాదు. ఆ నడుమ వేఱొక థ్రెడ్ తల్లి ప్రాసెస్‌కు గల యధికారమును తగ్గించిన యెడల, హెచ్చు అధికారముగల బిడ్డయు, తక్కువ అధికారముగల తల్లియు నొకే మెమరీపై నుందురు. తక్కువవాని వ్రాత హెచ్చువానిని నడిపింపగలదు. ఇది రక్షణకు భంగము.

కావున విద్యార్థులు మూడు సంగతులు మఱవరాదు. వీఫోర్క్‌చే బుట్టిన బిడ్డ ఎగ్జెక్ చేయుటయో, అండర్‌స్కోర్ ఎగ్జిట్‌తో ముగియుటయో తప్ప వేఱు పని చేయరాదు. తన్ను పుట్టించిన ఫంక్షన్ నుండి తిరిగి రారాదు. పెక్కు థ్రెడ్లు గల ప్రోగ్రాములో, తక్కినవి ఆగినవని యెంచరాదు. 2008 నాటి పోసిక్స్ ప్రమాణము వీఫోర్క్‌ను తన జాబితానుండి తొలగించెను. తగిన కారణము లేనివారికి ఫోర్క్, పోసిక్స్ స్పాన్ అనునవి మేలు.

తల్లి యనుటకును, పిలిచిన థ్రెడ్ అనుటకును భేదము స్వల్పముగా దోచవచ్చును. అయినను ప్రోగ్రాము వ్రాయువాడు ఆ పదముమీదనే తన కట్టడమును నిలుపును. లినక్స్ మాన్యువలునకు ఎవ్వరైనను దిద్దుబాటు పంపవచ్చును. మన పిల్లలు అచ్చులో నున్నదెల్ల నిజమని యూరకుండక, చేసి చూచి, తప్పు కనబడినచో వినయముతో తెలుపుదురుగాక.