మీకు తెలుసా? కొండ లేని సీమలో సైకిల్ సవారీ

బెజవాడ దాటాక బందరు దాకా నేల వాలు ఎంతో తెలుసా? ప్రకాశం బ్యారేజీ దగ్గర నిండుగా నీళ్ళు నిలిపినప్పుడు మట్టం సముద్రం కంటే 57.05 అడుగుల ఎత్తు, అంటే సుమారు 17 మీటర్లు. అక్కడి నుంచి బందరు, అంటే మచిలీపట్నం, దాదాపు 70 కిలోమీటర్లు. లెక్క కడితే కిలోమీటరుకు జానెడుకు కాస్త ఎక్కువ! ఇంద్రకీలాద్రి, గుణదల, మొగల్రాజపురం కొండలతో ఎత్తులన్నీ సరి. గుడివాడ వైపు వెళ్ళినా, దివిసీమ కొసన హంసలదీవికి వెళ్ళినా గేరు మార్చే పని పడదు. కొండ కావలసినవాళ్ళు అరకు వెళ్ళొచ్చు. తారు లేని దారిలో సైకిల్ తొక్కే సరదా మాత్రం ఇక్కడా దొరుకుతుంది.

ఆ సరదాకు ఇప్పుడు ప్రపంచమంతా గ్రావెల్ సైక్లింగ్ అని పేరు. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రపు ఎంపోరియా ఊళ్ళో 2006లో మొదలైన 200 మైళ్ళ పందెం దానికి గిరాకీ తెచ్చింది. 2022లో ఇటలీలో తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా జరిగింది. ఈ ఆటకు వాడే సైకిళ్ళ టైరు వెడల్పు సాధారణంగా 38 నుంచి 45 మిల్లీమీటర్లు. ఇప్పుడు మన తాతల నాటి నల్ల సైకిల్ టైరు మీద ముద్రించిన అంకె చూడండి: 28 × 1½. ఒకటిన్నర అంగుళం అంటే 38 మిల్లీమీటర్లే. రాడ్ బ్రేకులు, వెనక బరువైన క్యారియర్, దానికి రెండు పక్కలా పాల క్యాన్లు, పైన గడ్డిమోపు. అలాంటి బండితో పుంతల్లోనూ గట్ల మీదా తిరిగిన రైతుకు గ్రావెల్ బైకు కొత్త వస్తువేమీ కాదు. తేడా బరువులోనూ ధరలోనూ ఉంది. ధర సంగతి ఇక్కడ రాయకపోవడమే మర్యాద.

నిమ్మకూరులో పుట్టి, చదువుకునే రోజుల్లో బెజవాడ హోటళ్ళకు సైకిల్ మీద పాలు పోసిన కుర్రాడు 1983లో సైకిల్ గుర్తు మీదే గుడివాడలో గెలిచాడు. ఆయన ఎన్.టి.రామారావు అని చెప్పనక్కర్లేదు.

కొండలూ లోయలూ ఈ కృష్ణా డెల్టాలోనూ ఉన్నాయంటే నమ్ముతారా? ఉన్నాయి, కాకపోతే కంటికి ఆనవు. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలవల్ని ఇంజనీర్లు చుట్టుపక్కల కంటే కాస్త మెరకగా ఉన్న చోట్ల నుంచే తీసుకెళ్ళారు. మెరక మీద పారితేనే గదా నీళ్ళు రెండు పక్కలా చేలల్లోకి దిగుతాయి. చేలు తాగగా మిగిలిన నీరు పల్లానికి జారి, మురుగు కాలవల్లో పడి సముద్రానికి పోతుంది. అంటే బందరు కాలవ, రైవస్ కాలవ, పుల్లేరు కాలవ పారేవి మెరకల మీద. గుండేరు, లజ్జబండ లాంటి డ్రైన్లు పారేవి పల్లాల్లో. కాలవ గట్టు దిగి, చేల మధ్య పుంతలో సాగి, మురుగు వంతెన దాటి, అవతలి కాలవ గట్టెక్కారంటే ఒక లోయ దాటినట్టే. దాని లోతు అడుగుల్లో కొలవాల్సినంతే అయినా, వానాకాలం చేలో నీళ్ళు ఎటు నిలుస్తాయో చూస్తే ఆ తేడా ఏమిటో తెలిసిపోతుంది.

కాలవ గట్టు బాట వయసెంతో ఆలోచించారా? కాలవలు తవ్వింది సాగుకు మాత్రమే కాదు, పడవలకు కూడా. రైలూ లారీలూ రాక ముందు ధాన్యం వెళ్ళింది పడవల్లోనే. గాలి కలిసిరాకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాళ్ళతో పడవను లాగేవాళ్ళు. ఇప్పుడు సైకిల్ వెళ్ళే గట్టు బాటలు చాలావరకు వాళ్ళ కాళ్ళ కింద నలిగినవే.

ఇంకో విశేషం. గ్రావెల్ రోడ్డుకు కావలసిన రాయి డెల్టాలో పుట్టదు. నది తన రాళ్ళనీ గులకలనీ ఎగువనే వదిలేసి ఇక్కడికి ఒండ్రు, సన్న ఇసుక మాత్రం మోసుకొస్తుంది. అందుకే గట్ల మీద తోలే ఎర్ర గ్రావెలంతా మెట్ట ప్రాంతం నుంచి లారీల్లో రావలసిందే. అది పరిచిన చోట బండి హాయిగా పోతుంది. పరవని చోట నల్ల రేగడి రాజ్యం. ఎండాకాలం నెర్రెలిచ్చి సన్న టైరును మింగుతుంది. ఒక్క వాన పడిందా, మడ్‌గార్డుకూ చక్రానికీ మధ్య అడుసు బిగుసుకుపోయి బండి కదలదు. పుల్ల తీసుకుని గోకడం, లేదా సైకిల్ని భుజానికెత్తుకోవడం తప్ప ఇంకో వైద్యం లేదు. తీరానికి దగ్గరయ్యేకొద్దీ రేగడి పోయి ఇసుక వస్తుంది. అక్కడ టైర్లలో కాస్త గాలి తీసేస్తే చక్రం కూరుకుపోకుండా ఉంటుంది.

డెల్టాలో అసలైన ఎక్కుడు ఏదో తెలుసా? ఎదురుగాలి. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతుంటే 20 కిలోమీటర్ల గాలి మొహాన కొట్టిందనుకోండి, అది నూటికి రెండు వంతుల ఎక్కుడు ఎక్కడంతో ఇంచుమించు సమానం. పైగా కొండకు శిఖరం ఉంటుంది, గాలికి ఉండదు. వేసవి మధ్యాహ్నం దాటాక దక్షిణం నుంచి పైరగాలి మొదలవుతుంది. కాబట్టి తెల్లవారుజామునే దివిసీమ వైపు దిగి, సాయంత్రం ఉత్తరానికి తిరిగితే ఆ గాలే వీపు తట్టి పంపిస్తుంది. శీతాకాలంలో ఈశాన్యపు గాలి. అప్పుడు లెక్క తిరగబడుతుంది.

ఎత్తైన దారి కావాలంటే కరకట్ట ఉంది. ఒక పక్క చేలు, ఊళ్ళు, ఇంకో పక్క నదీ లంకలు. యనమలకుదురు నుంచి తోట్లవల్లూరు, శ్రీకాకుళం మీదుగా అవనిగడ్డ వైపు పోయే ఈ కట్ట పక్కన పసుపు, కంద, అరటి తోటలు కనిపిస్తాయి. ఈ శ్రీకాకుళం ఉత్తరాంధ్రలోది కాదు, ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్నది. కట్ట ఎందుకంత ఎత్తో 2024 సెప్టెంబరు మొదటి వారంలో అందరికీ తెలిసొచ్చింది. అప్పుడు బ్యారేజీ నుంచి 11.4 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వెళ్ళింది.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై దివిసీమను ఒడిలో పెట్టుకుంటుంది. అక్కడి అక్విడక్టు మీద కృష్ణా ఈస్ట్ బ్యాంక్ (కేఈబీ) కాలవ నీళ్ళు నది పాయను దాటి దివిసీమ చేలకు వెళ్తాయి. కింద నది, పైన కాలవ! సైకిల్ దిగి చూడవలసిన చోటు ఇది. పులిగడ్డ నుంచి పెనుమూడి వారధి మీదుగా రేపల్లె వైపు పోవచ్చు. నాగాయలంక అవతల ఏటిమొగ నుంచి ఎదురుమొండి దీవికైతే పంటు ఎక్కాల్సిందే. మనుషులూ మోటార్ సైకిళ్ళూ అన్నీ దాని మీదే, సైకిల్ ఎక్కించినా ఎవరూ వింతగా చూడరు.

దివిసీమ ఊళ్ళలో స్తంభాల మీద ఎత్తుగా కట్టిన తుపాను షెల్టర్లు కనిపిస్తే ఒక తేదీ గుర్తు చేసుకోండి: 1977 నవంబరు 19. ఆ రోజు సముద్రం ఊళ్ళ మీదికొచ్చి వేలమందిని తీసుకుపోయింది. కిలోమీటరుకు జానెడు వాలు నీటిని దించడానికి సరిపోతుంది, ఉప్పెనను ఆపడానికి చాలదు.

ఎప్పుడు వెళ్ళాలంటే, సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా. కోతకు ముందే వరి చేలో చల్లిన మినుము ఆ రోజుల్లో పచ్చగా పరుచుకుని ఉంటుంది, నేల గట్టిపడి ఉంటుంది, కాలవల్లో నీళ్ళూ ఉంటాయి. వేసవిలో కాలవలు కట్టేశాక గట్ల మీద అందం సగానికి సగం తగ్గుతుంది. కృష్ణా అభయారణ్యంలోని మడ అడవుల వైపు వెళ్ళేటట్టయితే ముందుగా అటవీ శాఖ వాళ్ళను అడగండి. సర్కారు తుమ్మ ముళ్ళు గట్ల నిండా ఉంటాయి గనుక రెండు ట్యూబులు, ఒక పంపు దగ్గరుంచుకోండి. నవంబరు, డిసెంబరుల్లో వెళ్తే మాత్రం ఒక్క మనవి. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీదుగా చక్రం పోనివ్వకండి. దిగి, అంచున నడిపించుకుని పొండి.