డిమెన్షియా రోగుల ప్రవర్తనా సమస్యలు: కుటుంబ సంరక్షకుల పాత్ర

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• డిమెన్షియాలో కనిపించే ప్రవర్తనా, మానసిక లక్షణాలను గుర్తించగలుగుతారు.
• వాటి వెనక ఉన్న కారణాలను వెతికే పద్ధతిని వివరించగలుగుతారు.
• ఎప్పుడు వైద్య సహాయం అవసరమో కుటుంబానికి చెప్పగలుగుతారు.

1. పరిచయం

డిమెన్షియా అంటే మతిమరుపేనని చాలామంది అనుకుంటారు. కాని కుటుంబాన్ని ఎక్కువగా కుంగదీసేవి అనుమానం, కోపం, రాత్రి నిద్రలేమి, చెప్పకుండా ఇల్లు దాటడం, లేని మనుషులు కనిపించడం వంటి లక్షణాలు. ఇవి మొండితనం కాదు, గాలి సోకడం కాదు, వ్యాధిలో భాగం. 1901లో జర్మనీలో అలోయిస్ అల్జీమర్ పరీక్షించిన రోగిలో తొలిదశలో కనిపించిన మార్పుల్లో భర్తపై అనుమానం ఒకటి. 2023లో ప్రచురితమైన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు, అంతకు పైబడిన వారిలో 7.4 శాతం మంది, అంటే దాదాపు 88 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారని అంచనా.

2. ప్రవర్తనను అర్థం చేసుకోవడం

ఒక ఉదాహరణ చూద్దాం. "నా పైసలు నువ్వే తీసినవ్" అని అత్త కోడలిపై నింద వేసింది. నిజానికి ఆ డబ్బును ఆమే బియ్యం డబ్బాలో దాచింది. దాచిన సంగతి ఆమె జ్ఞాపకంలో నిలవలేదు. వస్తువు కనిపించనప్పుడు ఎవరో తీశారన్నదే ఆమెకు తోచిన సమాధానం. రోజంతా దగ్గర ఉండేది కోడలే కాబట్టి నింద ఆమెపై పడింది. "నేను తియ్యలేదు" అని వాదిస్తే భయం, కోపం పెరుగుతాయి. "కనవడ్తలేవా అత్తమ్మా? నేను గూడ దేవులాడుత" అంటే ఆమె కొంత నెమ్మదిస్తుంది. ఆమె సాధారణంగా ఎక్కడెక్కడ దాస్తుందో గమనించి పెట్టుకోవాలి. ఇంట్లో మిగిలినవారు ఈ నిందను నమ్మితే, సేవ చేస్తున్న మనిషే దోషిగా నిలబడవలసి వస్తుంది. అందువల్ల వ్యాధి లక్షణాలను ఇంటిల్లిపాదికీ వివరించడం అవసరం.

అలాగే సాయంత్రం పూట "తల్లిగారింటికి పోత" అని బయలుదేరే వృద్ధురాలికి తల్లిదండ్రులు ఎప్పుడో పోయారని గుర్తుచేస్తే దుఃఖమే మిగులుతుంది. తల్లిగారింటి ముచ్చట్లు అడిగి, కాసేపు తోడుగా నడిచి, ఇంటికి తీసుకురావచ్చు.

3. కారణాలను వెతికే పద్ధతి

దీనిలో నాలుగు దశలున్నాయి. మొదట ఏం జరిగింది, ఏ వేళ, దానికి ముందు ఏముంది అన్నది రాసుకోవాలి. రెండో దశలో కారణాన్ని వెతకాలి. మూడో దశలో ఒక మార్పు చేసి చూడాలి. చివరగా అది పనిచేసిందో లేదో సమీక్షించాలి.

కారణాల అన్వేషణ శరీరం నుంచి మొదలవ్వాలి. నొప్పి, ఆకలి, దాహం, మలబద్ధకం, చూపు లేదా వినికిడి లోపం ఉన్నాయేమో చూడాలి. నల్లగొండ జిల్లాలోని ఫ్లోరైడ్ పీడిత గ్రామాల్లో ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయిన వృద్ధులున్నారు. నొప్పి ఉందని చెప్పలేని రోగి స్నానం చేయించేటప్పుడు కొట్టబోతే, అది కోపం కాక కీళ్ల నొప్పి కావచ్చు. గోరువెచ్చని నీళ్లు, నెమ్మదిగా చేతులు కదిలించడం, వైద్యుడు సూచించిన నొప్పి మందు ఆ సమస్యను తగ్గించవచ్చు.

పరిసరాలు కూడా కారణం కావచ్చు. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి పనుల కోసం వలస వెళ్లే కుటుంబాలు ఎన్నో. పెద్దలను కొత్త ఊరికి తీసుకువెళ్లినా, ఊళ్లోనే వదిలి వెళ్లినా, అలవాటైన ముఖాలు, దినచర్య మారిపోయి రోగి కలత చెందుతాడు. పాత దుప్పటి, పాత కుర్చీ, ఒకే వేళకు తిండి ధైర్యాన్నిస్తాయి.

4. వైద్య సహాయం

కొన్ని గంటల్లో లేదా రోజుల్లో ప్రవర్తన హఠాత్తుగా మారితే డిమెన్షియా ముదిరిందనుకుని ఊరుకోకూడదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, జ్వరం, వడదెబ్బ, కొత్త మందు వంటివి కారణం కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. రోజూ కల్లు తాగే అలవాటున్న వారికి ఒక్కసారిగా ఆపినా వణుకు, మూర్ఛ, లేనివి కనిపించడం సంభవించవచ్చు. కల్లులో మత్తుమందు కలిసి ఉంటే ప్రమాదం మరింత ఎక్కువ. 2015లో కల్తీ కల్లు దొరకక తెలంగాణలో ఎందరో ఇలాంటి లక్షణాలతో ఆసుపత్రుల్లో చేరారు.

రోగిని కట్టివేయకూడదు. మందుల దుకాణంలో అడిగి నిద్రమాత్రలు ఇవ్వకూడదు. సైకోసిస్ మందులు డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణ ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో హెచ్చరించింది. రోగికో ఇతరులకో హాని జరిగే పరిస్థితిలో, వైద్యుని పర్యవేక్షణలో, తక్కువ మోతాదులో, పరిమిత కాలమే వాటిని వాడాలి.

5. సంరక్షకుల క్షేమం

రాత్రింబవళ్లు ఒక్కరే చూసుకుంటే సహనం నశిస్తుంది. వారంలో కొన్ని పూటలైనా కొడుకులు, కూతుళ్లు బాధ్యత పంచుకోవాలి. 2022 అక్టోబర్ 10న ప్రారంభమైన టెలి మానస్ 14416 నంబరుకు సంరక్షకులు కూడా ఫోన్ చేయవచ్చు. వృద్ధుల సమస్యలకు ఎల్డర్‌లైన్ 14567 ఉంది.

6. సారాంశం

డిమెన్షియా రోగి ప్రవర్తన, మాటల్లో చెప్పలేని అవసరానికి సూచన కావచ్చు. వాదించడానికి ముందు కారణం వెతకడం, మందుకు ముందు పరిసరాలను మార్చడం, హఠాత్తుగా మార్పు వస్తే వైద్యుణ్ని కలవడం సంరక్షకులు గుర్తుంచుకోవలసిన మూడు అంశాలు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. దొంగతనం నింద వేసే రోగితో ఎందుకు వాదించకూడదు?
2. మీకు తెలిసిన ఒక వృద్ధుని ప్రవర్తనా సమస్యను తీసుకుని నాలుగు దశల పద్ధతిని అన్వయించండి.