వేషం విప్పని వీరుడు
తారాపథంలో వెలుగుతున్న రోజుల్లోనే అక్షరక్రమంలో పేరు వేయించుకున్న ఫ్రెంచ్ నటుడు జెరార్ ఫిలిప్

1959 నవంబర్ చివర్లో దక్షిణ ఫ్రాన్స్‌లోని రమతుయెల్ అనే చిన్న ఊళ్లో ఓ నటుణ్ని ఖననం చేశారు. ఒంటి మీద ఉన్నది సూటు కాదు. 'లె సిద్' నాటకంలో ఆయన వేసిన యోధుడు రోద్రీగ్ దుస్తులు. ఇంకో తొమ్మిది రోజులు బతికుంటే జెరార్ ఫిలిప్‌కు 37 ఏళ్లు నిండేవి.

1945లో ఆల్బేర్ కామూ నాటకంలో ఉన్మాద చక్రవర్తి కాలిగులాగా పారిస్‌ను నివ్వెరపరచిన ఈ కాన్ కుర్రాడు, రెండేళ్లకే 'ల్ దియాబ్ల్ ఓ కోర్' చిత్రంతో దేశమంతా మెచ్చిన ప్రేమికుడయ్యారు. 1952 నాటి 'ఫాంఫాన్ లా తులిప్' కత్తియుద్ధాలు ఆయన్ను సరిహద్దులు దాటించాయి.

కానీ అసలు కథ వేరే చోట ఉంది. అవిన్యోన్ నాటకోత్సవాన్ని ప్రారంభించిన దర్శకుడు ఝాన్ విలార్ గతంలో 'లె సిద్' వేయమంటే, విషాద నాటకాలు తనకు నప్పవని ఫిలిప్ తప్పించుకున్నారు. తర్వాత తనే వెళ్లి విలార్ తలుపు తట్టారు. 1951 వేసవిలో పోప్‌ల కోట ఆవరణలో అదే వేషం కట్టారు. ఆ ఏడాదే విలార్ చేతికి వచ్చిన ప్రభుత్వ నాటక సంస్థ టీఎన్‌పీలో చేరారు. అక్కడ టికెట్లు చౌక. గేట్‌కీపర్లకు టిప్పులు ఇవ్వడం నిషిద్ధం. పోస్టర్లపై పేర్లు అక్షరక్రమంలోనే. అంటే అప్పటికింకా పెద్దగా పేరులేని ఝాన్ మొరో పేరు కిందే ఫిలిప్ పేరు! సినిమాల్లో ఆయన సంపాదనతో పోలిస్తే అక్కడ వచ్చేది చిల్లరే. పారిస్ శివారు సురేన్‌లో బ్రెహ్ట్ నాటకం 'మదర్ కరేజ్' వేసినప్పుడు ఆయన తీసుకున్నది కొడుకు ఐలిఫ్ పాత్ర. మన హీరోలెవరైనా ఒప్పుకుంటారా?

ఈ పట్టుదల వెనుక ఇంటి గాయం కూడా ఉందేమో. నాజీలతో చేతులు కలిపిన తండ్రి మార్సెల్ స్పెయిన్‌కు పారిపోగా, కోర్టు ఆయన పరోక్షంలో మరణశిక్ష వేసింది. కొడుకేమో 1944 ఆగస్టులో పారిస్ విముక్తి పోరాటంలో పాల్గొన్నారు. అణ్వాయుధాలకు వ్యతిరేకంగా స్టాక్‌హోం పిలుపుపై సంతకం చేశారు. 1950ల చివర్లో నటుల యూనియన్‌కు సారథ్యం వహించారు.

అందరూ మెచ్చలేదు. త్రూఫో వంటి యువ విమర్శకులు ఆయన సినిమా నటనను ఎద్దేవా చేశారు. కొన్ని చిత్రాలు ఇప్పుడు చూస్తే పాతబడ్డాయన్నది నిజమే. రంగస్థలం మీద ఆయనెలా ఉండేవారో చెప్పడానికి మాత్రం కొన్ని గొంతు రికార్డింగులు, అప్పటి టీఎన్‌పీ ఫోటోగ్రాఫర్, తర్వాత దర్శకురాలిగా పేరు పొందిన ఆన్యెస్ వార్దా తీసిన ఫోటోలే ప్రధాన ఆధారాలు.

1959 నవంబర్‌లో ఆపరేషన్ చేసిన డాక్టర్లు కాలేయ క్యాన్సర్ అని తేల్చారు. భార్య ఆన్ ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ఆ మౌనం గురించి 1963లో ఆమె ఓ పుస్తకం రాశారు. ఇంటికొచ్చిన ఫిలిప్ మంచం మీద గ్రీకు విషాద నాటకాలు చదువుతూ, వేయబోయే పాత్రల గురించి ఆలోచిస్తూ గడిపారు.